తీసివేత

లొమ్నిట్స్కీ శిఖరం మీద, మేఘాలు మోకాళ్ల దగ్గరే ఆగిపోయిన పొద్దున,
ద్రహోస్లావా ఇత్తడి బిళ్లని తుడుస్తుంది.
కోటు గుండీ అంత చందమామ అది.
సూర్యుడి మొహానికి అడ్డం పెడితే
చుట్టూ ఉన్న పలచటి వెలుగు
బెదురు విడిచి బయటికొస్తుంది.
దాన్ని కరోనా అంటే
కింద ఊళ్లో ఇంకా మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుంటారు.

నిన్న తూర్పు అంచున ఏదో పేలింది.
ఉపగ్రహం పంపిన బొమ్మలు మూడు వందలు.
విడివిడిగా చూస్తే ఏమీ లేదు,
అదే పసుపు, అదే కుతకుత.
అందుకే తీసివేతలు వేస్తుంది:
ఇప్పటి బొమ్మలోంచి
పన్నెండు సెకన్ల కిందటి బొమ్మ.
మారనిదంతా సున్నా.
కదలనిదంతా బూడిద.
ఆ బూడిదలో
ఊదిన పాల మీద మీగడ జరిగినట్టు
ఒక తెల్లటి వంపు, దాని వెనకే నల్లటిది.

సెకనుకి నాలుగు వందల కిలోమీటర్లు.
మన భూమి దాని దారిలో అర నిమిషం పని.
ముప్పావు గంటలో సూర్యుడి చుట్టుకొలతలో పావు నడిచి
దక్షిణాన చీకటి గుంటని తాకి
వెనక్కి మళ్లింది.
నిజంగా మళ్లిందా, కంటికలా తోచిందా?
రెండేళ్లుగా ఆమె వ్యాసం అక్కడే కూర్చుంది.
"ఇది అల కాదేమో, అల వేషం కట్టిన ఇంకేదో"
అని రాశాడొక సమీక్షకుడు.
అతనికి నిద్ర పట్టకూడదని రెండుసార్లు తిట్టుకుంది గానీ
ఆ వాక్యాన్ని గోడ మీంచి తీసెయ్యలేదు.

సాయంత్రం రోప్‌వే.
ఇరవై ఆరేళ్లుగా మనుషుల్నీ బంగాళాదుంపల్నీ
ఇదే తీగ మీద ఎక్కించి దించే వెండెలిన్
తలుపు గడియ వేస్తూ అడిగాడు:
"ఏం దొరికింది?"
"అల పోయిన చోటల్లా వెలుగు తీగలు ఊగుతున్నాయి.
ఎంత బిగువుగా ఉన్నాయో తెలియాలి.
వెళ్లి తాకలేం కదా."
"తాకడం దేనికి?" అన్నాడతను.
"గాలి కొట్టాక ఎన్ని లెక్కపెట్టేలోగా తిరిగొస్తుందో చూస్తా.
గబుక్కున వస్తే బిగువు.
తీరిగ్గా వస్తే వదులు,
లేదా మంచు పేరుకుని బరువెక్కింది."
ఆమె సంచిలో
అదే మాట పదకొండు పేజీల సమీకరణాలుగా ఉంది.
ఏమీ అనలేదు.

నడి దారిలో గాలి వచ్చింది.
పెట్టె పక్కకి పోయింది, నిదానించింది, మళ్లీ వచ్చింది.
ఇద్దరి పెదాలూ కదిలాయి.
అతనికి తొమ్మిది.
ఆమెకి పది.

కింద చెరువు పక్కన దీపాలు పెడుతున్నారు.
ఇంకో గాలి రావాలని
ఇద్దరూ కడ్డీ పట్టుకుని
ఎదురుచూశారు.