ఇరవై ఆరు

ఓట్లనాడు కూడా ఆవులకి సెలవు లేదు.
నాలుగున్నరకే షట్టరెత్తినాను
బంగారుపాళ్యెం రోడ్డుమీద, మా పాలకేంద్రానికి.
ముందు క్యాన్లొచ్చినాయి, వాటెనక మనుషులు.
గాజుకడ్డీ పాలల్లో వదిలితే
మునిగి, లేచి, రవ్వంత ఊగి
ఒక అంకె కాడ నిలబడతాది.
ఇరవై ఎనిమిదైతే మంచి పాలు.
ఇరవై ఆరు కాడ నేనేమీ మాట్లాడను.
కుప్పయ్యవి ఇరవై రెండు.
"ఏం మామా, నీ ఆవు బోరుకాడ మేస్తాందా?"
నవ్వినాడు. రేపూ అట్లనే తెస్తాడు, నాకు తెలుసు.

ఓటరు చీటీ లెక్కలపుస్తకం మడతలో ఉండాది,
వరస నంబరు నాలుగొందల పదకొండు.
ముగ్గురు నిలబడినారు. ముగ్గురూ నాకు గిట్టరు.

ఒకాయన పోయినసారి మాకు కూలింగు ట్యాంకు తెరిచినాడు.
రిబ్బను కత్తిరించినాడు, ఫొటో దిగినాడు.
ట్యాంకొచ్చింది, మిషను రాలేదు.
ఎండాకాలం పాలు ఇరిగిపోతే కాలవలో పోసేది నేనే.
ఆ రిబ్బను గుడ్డ నాకాడే ఉండాది,
గాజుకడ్డీ తుడిచేదానికి.

ఇంకొకాయనది మామిడిగుజ్జు ఫ్యాక్టరీ.
మా నాయన గుత్తకి తీసుకున్న తోట, తోతాపురి కాయ,
ట్రాక్టరు ఆయన గేటుముందర మూడు రాత్రులు నిలబడింది.
నాలుగోనాడు కాటా ఎక్కేసరికి
కారి కారి బరువు తగ్గింది,
ఈగలు మాత్రం పెరిగినాయి.

మూడోవాడు చిన్నోడు. బాగా మాట్లాడతాడు.
ఫోను స్పీకరులో ఉందని తెలీక
"కాలనీవోళ్ళదేముందన్నా, ముందురోజు రాత్రి చూసుకుందాం" అన్నాడు.
నేను కాలనీదాన్నే.
ఈ స్టూలుమీద కూర్చున్న మొదటినెల
నలుగురు పోయి పక్కూర్లో పోసుకున్నారు పాలు.
అక్కడ బిల్లు ఆలస్యమయ్యేసరికి తిరిగొచ్చినారు.
ఆ నలుగురి పేర్లూ గుర్తే నాకు.
వాళ్ళ పాలకి కూడా ఉన్న అంకే రాసినాను.

నిన్నరాత్రి రెండు కవర్లొచ్చినాయి.
చూసుకుందామన్నవాడి కవరే రాలేదు.

"నోటా ఉండాది గదక్కా, నొక్కేసి రా" అంటాది సెల్వి.
ఆలోచించినాను.
మూడు క్యాన్లూ వద్దని తిప్పి పంపొచ్చు.
ఏడింటికొచ్చే ట్యాంకరు ఊరికే పోదు,
పోతాపోతా ఏదో ఒక క్యాను ఎత్తుకొనే పోతాది.
అట్లని ఇరవై రెండుని ఇరవై ఆరని రాసేదెట్లా?
పోకుండా పడుకుంటే?
పేడ తీసేది ఉండనే ఉండాది.

మా అవ్వ సిద్ధమ్మ ఒకసారి
మూడు మైళ్ళు నడిచిపోయిందంట ఓటెయ్యడానికి.
"నీది అయిపోయిందిలే, మజ్జిగ తాగి పో" అన్నారంట
పందిట్లో కూర్చున్నోళ్ళు.
తాగి వచ్చింది.
చచ్చేదాకా
ఏ మజ్జిగ నోట్లో పెట్టినా పులుపనేది.

పదకొండింటికి పోయినాను.
బడిలో, ఎక్కాల చార్టు కింద మిషను.
సిరా పూసే అమ్మాయి నా చెయ్యి పట్టుకొని
"పాలవాసనొస్తాందక్కా" అనింది.
అట్ట చాటున నేనొక్కదాన్నే.
గాజుకడ్డీ లేదు ఇక్కడ.
కంటితో చూసి పాలు చిక్కనని చెప్పేది అబద్ధం,
పదేళ్ళుగా ఆ మాట అందరికీ చెప్పేది నేనే.
గుర్తులన్నీ పైనుంచి కిందికి చూసినాను,
కిందినుంచి పైకి.
వెనక ఎవరో దగ్గినారు.
నొక్కినాను. కూత వచ్చింది, పెద్దగానే.
ఎవరికని అడగొద్దండి.
సంతోషంగా మాత్రం నొక్కలేదు.

సాయంత్రం మళ్ళా షట్టరెత్తినాను.
కుప్పయ్య తన వేలు చూపించినాడు, నా వేలు చూసినాడు.
"ఎవురికేస్తివి కోడలా?"
కడ్డీ ఊగి నిలబడేదాకా మాట్లాడలేదు నేను.
"ఇరవై మూడు మామా."
"పొద్దటికంటే ఒకటెక్కువే గదా!"
అన్నాడు, పెద్ద మేలు చేసినోడి మాదిరి.
ఇరవై మూడనే రాసుకున్నాను.