లోపు

హార్బరు గేటు గుమస్తా పుస్తకంలోంచి
నూకరత్నం దించుకొచ్చిన లెక్క ఇది.
తెల్లారగట్ల నాలుగు లోపు వచ్చిన బోట్లు మూడు.
అయిదు లోపు పదకొండు.
ఆరు లోపు ముప్పై నాలుగు, ఏడు లోపు నలభై ఒకటి,
ఎనిమిది లోపు నలభై మూడు.

బోర్డు మీద రాశాను. సుద్ద చెమ్మెక్కి ఉంది.
డాల్ఫిన్స్ నోస్ మీద మబ్బు, కిటికీలోంచి
ఐసు మిల్లు చప్పుడు.

బాహుళక తరగతి ఏదర్రా?
"ఏడు నుంచి ఎనిమిది!" వెనక బెంచీ అంతా ఒకటే గొంతు.
అన్నిటికన్నా పెద్ద అంకె అక్కడే ఉంది మరి.

ఇరవై ఆరేళ్ళుగా ఈ తప్పునే దిద్దుతున్నాను.
అది దాని సొంత సొమ్ము కాదు,
ముందొచ్చినవాళ్ళ తట్టలన్నీ
నెత్తిన పెట్టుకు నిలబడింది.
దించండి.
కింది అంకెలోంచి పై అంకె తీసేయండి,
ఎవరి తట్టలో ఎంతో తేలుతుంది.

మూడు.
ఎనిమిది.
ఇరవై మూడు.
ఏడు.
అంత గొప్పగా కనబడ్డ ఆ నలభై మూడు
దులిపి చూస్తే రెండే రెండు బోట్లు.

అయిదుకీ ఆరుకీ మధ్య ఇరవై మూడు. అదీ తరగతి.
సూత్రంలో పెట్టాం. పదిహేను బై ముప్పై ఒకటి.
చిన్నారావు దాన్ని నిమిషాల్లోకి మార్చి
చొక్కా చేతికి ముక్కు తుడుచుకుని చెప్పాడు:
అయిదు గంటల ఇరవై తొమ్మిది.

నూకరత్నం నోటికి చెయ్యడ్డం పెట్టుకుంది.
ఏమ్మా, తప్పా?
"మాయమ్మ అయిదున్నరంటాది సార్.
ఆ యేలకి బోట్లన్నీ ఒక్కపాలొచ్చి పడతాయంట,
కానాగంతల రేటు జారిపోద్దంట,
పాట పాడితే అప్పుడే పాడాలంట."

ఎర్రమ్మ. సంతకానికి వేలిముద్ర.
పరీక్ష ఫీజు కాగితం మీద ఆ నీలం బొటనవేలు
నా బీరువాలోనే ఉంది.
ఒక్క నిమిషం తేడా. ఎవరు సవరించుకోవాలో
నేను చెప్పలేదు.

మరి ఆఖర్న వచ్చే ఆ రెండు బోట్లు?
ఎవరు కొంటారు వాటి సరుకు, అన్నాను ఊరికే.

"ఒకదాంట్లో మా నాన్నే కళాసీ సార్.
ఎప్పుడూ ఆలీసమే.
ఆయన కోసం కూకుంటే మాయమ్మ తట్ట ఖాళీయే."

క్లాసంతా నవ్వింది. తనూ నవ్వింది.
గంట కొట్టారు.
రెండు అన్న అంకె కింద ఎందుకో
ఇంకో గీత గీసి ఉన్నాను.