అరబిళ్ళ

కావలి ట్రంకు రోడ్డు మెడికల్ షాపులో
నెలకి నాలుగొందల ఇరవై.
అంటే మూడున్నర జాకెట్లు.

రాత్రి బిళ్ళేసుకుంటే
పొద్దున పిక్కలు పిండేస్తుండాయి.
మిషను తొక్కేవాడికి పిక్కలే పెట్టుబడి.

మానేస్తానంటే డాక్టరమ్మ
రిపోర్టులో నూట తొంభై ఆరుకి
ఎర్రసిరాతో సున్నా చుట్టింది.
ఆ అంకె నొప్పెట్టదు,
అదే దాంతో తంటా.

మా నాయన బిట్రగుంట ప్లాట్‌ఫారం మీద
టీ గ్లాసు చేతిలో ఉండగానే ఒరిగిపోయినాడు.
ఆయనకి పిక్కల నొప్పి లేదు.
యాభై రెండు నిండలేదు గూడా.

హుసేనమ్మ చూడకుండా
కత్తెరతో బిళ్ళని సగం కోస్తా.
గుడ్డకైతే కుట్టులోకి అరంగుళం వదుల్తాం,
దీనికెంత వదలాలో ఏ టేపు చూసి చెప్పేది?

నల్లగుడ్డ మీద రాలిన పొడిని
వేలి తడితో అద్ది నాలిక్కి రాసుకుంటా.
అదీ డబ్బులే గదా.