వెన్నంటి

ట్రోన్‌హైమ్ ఆస్పత్రి నేలమాళిగలో
నా బల్ల మీదికి రోజూ వెన్నెముకలు వస్తాయి,
కవర్లలో, స్టాంపు అంటించుకుని.

ఆపరేషన్‌కి ముందొకటి,
మూడు నెలలకొకటి, ఏడాదికొకటి.
నొప్పి ఎంత, సున్నా నుంచి పది దాకా?
ఎంతసేపు కూర్చోగలరు? ఎంత దూరం నడవగలరు?
రాత్రి నిద్ర పడుతోందా?
అంకెల్ని గళ్ళలో వేస్తాను.
పై అంతస్తులో యంత్రం వాటిని నమిలి
రాబోయే మనిషికి జోస్యం చెబుతుంది.
"జోస్యం కాదు గున్‌వోర్, అంచనా" అంటాడు డాక్టర్ ఐవిన్,
ప్రతిసారీ.

(నా నడుమా? ఈ కుర్చీలో పదహారేళ్ళు.
మూడు. అడిగారు కాబట్టి.)

రెండేళ్ళ కిందటి అక్టోబర్లో తూర్‌దిస్ వచ్చింది.
మంచు తోసే లారీ నడుపుతుంది, యాభై తొమ్మిదేళ్ళు.
నడుం దగ్గర నరం నొక్కుకుపోయి
ఎడమ కాలు నిత్యం నిప్పుల మీద.
బాగుపడే వీలు నూటికి యాభై ఎనిమిది, అంది యంత్రం.
"మిగతా నలభై ఇద్దరూ ఎవరు?" అందామె.
"వాళ్ళ పేర్లున్నాయా మీ దగ్గర?"

ఐవిన్ తేదీ రాయలేదు. తెరను ఆమె వైపు తిప్పాడు.
సిగరెట్ గడిలో 'లేదు' అని మార్చాడు,
అంకె కాస్త పైకి జరిగింది.
నడక మార్చాడు. నొప్పి మాత్రలు మార్చాడు.
దిగులు దగ్గర ఆగి, ఆమెను అడిగి మార్చాడు.
"వయసు మాత్రం నా చేతిలో లేదు."
"ముట్టుకుంటే ఊరుకోను" అంది తూర్‌దిస్.

పది వారాల వాయిదా.
బూట్లకు మేకుల పట్టీలు బిగించి
నీదెల్వ వంతెన నుంచి వంతెనకు
మమ్మల్నందర్నీ తిట్టుకుంటూ నడిచింది.
పగలు చిక్కి చిక్కి నాలుగు గంటలకు వచ్చింది.
జనవరిలో కత్తి పట్టేనాటికి
అంకె డెబ్బై ఒకటి.

ఏడాది తిరిగింది. ఆమె కవరు రాలేదు.

రాని కవర్లకు మా దగ్గరో మాటుంది: తప్పిపోయినవారు.
రేవులో పండగ రద్దీలో చెయ్యి వదిలేసిన పిల్లల్లాగా.
బాగైపోయి మమ్మల్ని మరిచారో,
బాగవక మా మొహం చూడలేకపోయారో.
వెన్ను కోసం వచ్చి వెన్ను చూపి వెళ్ళిపోతారు.
జవాబిచ్చిన వాళ్ళతోనే లెక్క కడితే
మేం చాలా గొప్పవాళ్ళం.

అందుకే మంగళవారాలు ఫోన్లు చేస్తాను.
నాలుగో మోతకి ఎత్తింది, వెనక ఇంజను రొద.

నొప్పి?
"నాలుగు. అప్పట్లో ఎనిమిది."
కూర్చోవడం?
"లారీలో ఏడు గంటలు. ఇంట్లో సోఫాలో పది నిమిషాలు."
కాలు?
"నిప్పు పోయింది. పాదం మాత్రం మొద్దు,
ఎవరి దగ్గరో అరువు తెచ్చినట్టు."
ఆపరేషన్‌తో తృప్తిగా ఉన్నారా?

అద్దం మీద వైపర్ అటూ ఇటూ తిరిగింది, చాలాసార్లు.

"టైర్లకు గొలుసులు నేనే కట్టుకుంటున్నా.
కానీ వంగిన ప్రతిసారీ
లోపలేదో పుటుక్కుమంటుందని భయం.
దానికి గడి ఉందా?"
లేదు.
"మరెక్కడ రాస్తావు?"

'కొంత మెరుగు' దగ్గర గుర్తు పెట్టాను.
అంచున పెన్సిల్‌తో: గొలుసులు. భయం.
యంత్రానికి పెన్సిల్ చదవడం రాదు.

సోమవారం సమావేశంలో అంచులన్నీ చదివి వినిపించాను.
కొత్త ప్రశ్న చేర్చాలంటే కమిటీ కూర్చోవాలట,
కమిటీ వసంతంలో గానీ కూర్చోదట.
ఐవిన్ కళ్ళద్దాలు తుడుచుకుంటూ
"భయం అనే మాట మళ్ళీ చదువు" అన్నాడు.
చదివాను.
ఆ మధ్యాహ్నం నుంచి, కమిటీతో పనిలేకుండా,
వంగడం నేర్పడానికి ఫిజియో హల్‌డిస్‌ని
కుట్లు విప్పే రోజే వార్డులోకి పిలుస్తున్నాడు.

ఇవాళ ఫ్రోయా దీవి నుంచి చేపల కార్ఖానా మనిషొకడు వచ్చాడు.
అరవై నాలుగు, అంది యంత్రం.
ఆ అరవై నాలుగులో
వెంట్రుకవాసి తూర్‌దిస్ చెప్పిన నాలుగు ఉంది.
అతనికి ఆమె తెలీదు.
ఫారం చేతికిచ్చి, పెన్నుతో పాటు
ఒక పెన్సిల్ కూడా ఇచ్చాను.
"ఇదెందుకు?" అన్నాడు.