ముప్పై గ్రాములు

ఇరవై ఎనిమిదో నాడు
తల్లి దగ్గర్నించి పిల్లల్ని ఎడం చేస్తాం.
ఆ రాత్రి ఏర్పేడు రోడ్డుపక్క
మా రేకుల కొట్టంలో ఎవురికీ నిద్రుండదు.
తల్లి కమ్మీలు కొరకతా ఉంటాది.
పిల్లలు ఒకదానిమీద ఒకటెక్కి
లేని రొమ్ముని ఎతకతా ఉంటాయి.

మూడోనాటికి పారుడు మొదలు.
పచ్చగా, నీళ్లు నీళ్లుగా,
తోకకిందంతా ఒరుసుకోనిపోయి ఎర్రగా.
పోయినేడు పదకొండింట్లో ఐదింటిని
గోనెసంచిలో చుట్టి వంక అవతల పూడ్సినాను.
పైన తుమ్మకంప కప్పినాను, కుక్కలు తవ్వకుండా.

ఈ యేడు వచ్చింది నీరజాక్షి,
తిరుపతి పశువుల కాలేజీలో డాక్టరు చదివే పిల్ల.
ముక్కు మూసుకోలా.
నేను ముందు చూసింది అదే.
తొట్టిగట్టుమీద కూచోని చెప్పింది:
"దొరసానక్కా, దీని పేగు ఇంకా పాలపేగే.
తవుడూ జొన్నా చేపపొడీ
దానికి తెలియని ఊరి మాటలు.
టెంకాయ నూనె కలుపు,
కిలో మేతకి ముప్పై గ్రాములు."

నవ్వొచ్చింది నాకు.
నా తలకే వారానికొక తూరి,
అదీ అరచేతిలో మెరిసేటంతే.
పందికి గిన్నెతో పొయ్యాల్నా?

అప్పుడు గొలుసుల కత చెప్పింది.
కొవ్వంతా గొలుసులేనంట. పొడుగువి, పొట్టివి, నడిమివి.
పొడుగుదానికి పైత్యరసం వచ్చి కరిగించాల,
తునకలై, మళ్లీ మూటై,
చుట్టుదారిన ఎవురో మోసుకోని పోవాల.
పాలు మరిచిన పేగుకి
అంత ఓపిక యాడిది?
"కొండమీద చూడ్లేదా అక్కా,
కంపార్టుమెంట్లో రాత్రంతా కూచునేవాళ్లు కొందరు,
చంకలో పసిబిడ్డుంటే
పక్కగేటు తీసి పంపేది కొందర్ని."

పక్కగేటు!
మా పెద్దోడు నెలలబిడ్డప్పుడు
ఆ గేట్లోనే పోయినాను నేను.
అట్ట చెప్పు మరి.

నడిమి గొలుసు పేగు దాటి
నేరుగా కాలేయం వాకిట్లో దిగతాదంట.
దిగీ దిగకముందే బిడ్డకి వేడై, బలమై.
పోతా పోతా
చెడ్డపురుగు ఒంటిపొర చించి పోతాదంట.

చెప్పేదానికి అంతా బాగుండాది.
ఆమె సీసాలో తెచ్చిన మందు కొవ్వు
మేకపోతు కంపు.
పిల్లలు మూతి పెట్టి, తుమ్మి, ఎనక్కి పోయినాయి.
ఆమె మొకం చూడాల ఆ పొద్దు!
గానుగ నూనె తెచ్చి, బెల్లంనీళ్లు చిలకరించి
నేనే తినిపించినాను.
చదువుకి తెలియనిది మూతికి తెలుసు.

ఆ నెల్లోనే మా కోడలికి ఏడోనెల కాన్పు.
రుయాలో గాజుపెట్టెలో
కిలో నూటాయాభై ఆడబిడ్డ,
చర్మం కింద నరాలు ఆకుమీద ఈనెల్లాగ.
చీటీమీద కులం రాసేటప్పుడు
గుమాస్తా పెన్ను ఒకసారి ఆగింది.
ఎరుకల అని మళ్లీ చెప్పినాను, గట్టిగా.

నర్సమ్మ పిండిన పాలలో
చుక్కలు లెక్కబెడతా ఏదో కలిపింది.
గిన్నె నా చేతికొచ్చినప్పుడు వాసన తెలిసింది.
"టెంకాయ నూనేనా అమ్మా?"
"అవును అవ్వా. నెలతక్కువ బిడ్డ గదా,
ఇదైతే తేలిగ్గా పడతాది."

నాకు తెలుసు అని చెప్పబోయినాను.
ఎట్ట తెలుసు అంటే
ఏం చెప్పాల ఆ తెల్లగోడల నడాన?
"పక్కగేటు" అన్నాను, అంతే.
ముసలిదానికి మతి తప్పింది అనుకున్నట్టుంది.

మర్నాడు తూకంలో బిడ్డ
ముప్పై గ్రాములు పెరిగింది.
ఇంటికొచ్చి కొట్టంలో నిలబడితే
అప్పటికే పన్నెండింట్లో ఒకటి పోయుండాది,
అన్నిట్లోకీ చిన్నది, చెవిమీద మచ్చది.
నూనె అన్నిటికీ అందదు.
మిగతావి గట్టిగా వేస్తా ఉండాయి.
పారని పేడని చూసి ఏడ్సిన ఆడది
లోకంలో నేనొక్కతినే ఏమో.

శ్రీకాళహస్తి గానుగ దగ్గర
రెండు లీటర్లు పొయ్యమంటే
ఆయన అడిగినాడు: "పెండ్లా?"
"కాదన్నా, పసిబిడ్డలకి."
"ఎందరేంది?"
వేళ్లు మడిచి లెక్కేసుకోని
"పన్నెండు" అన్నాను.