మండని పుండు

ఏనుమాముల యార్డుల నా బతుకంత మంటే.
తేజ మిర్చి బస్తా మెడ మీదికెత్తితే
చెవుల ఎనుక మంట, కండ్లల్ల మంట,
రాత్రి తానం చేసినంక సుత
పక్కబట్టల్ల మంట.

అందుకే
మండనిదాన్ని లెక్కచెయ్యలె.
చెప్పుకోరాని జాగల శెనగగింజంత పుండు,
గట్టిగ. నొప్పి లేదు, దురద లేదు.
నెల తిరగకముందే దానంతటదే మానింది.
పోచమ్మకు కోడిని కోసిన.

ఎండలు ముదిరినంక అరచేతుల నిండ మచ్చలు.
మిర్చి ఘాటు అనుకున్న.
ఐలోని నా కాళ్లు చూసిండు:
"అరికాళ్లతోని గూడ బస్తాలు మోస్తున్నవా?"

ఎంజీఎంల సురక్ష క్లినిక్ ముందటికెల్లి
రెండుసార్లు నడిచిపోయి, చాయ్ తాగి తిరిగొచ్చిన.
మూడోసారి రహీమున్నీసా సిస్టర్
ఊరు పేరు అడగక ముందే కుర్చీ జరిపింది.
"మానింది పుండు. రోగం రక్తంల ఉన్నది,"
వాన వచ్చేటట్టున్నది అన్నంత మామూలుగ.

రక్తం తీసిరు. సిఫిలిస్ అన్నరు.
అదే రక్తంతోని హెచ్ఐవీ సుత చూసిరు, అది లేదు.
రెండు పిర్రలకు రెండు పెన్సిలిన్ సూదులు.
అబ్బ, మండినయ్.
ఆ మంటకు పాణం నిమ్మలమైంది.

ఇంకో చీటి చేతుల పెట్టింది.
"ఓదెమ్మను తోల్కరా.
ఆమెకు ఏం కనబడకపోవచ్చు.
కనబడకుంటే లేనట్టు కాదు."

మూడు దినాలాయె,
చీటి అంగి జేబుల చెమటకు నానుతున్నది.
ఇయ్యాల ఓదెమ్మ ఆ అంగిని బకెట్ల ముంచబోతే
చెయ్యి పట్టుకున్న.
బల్బు ఎలుగుకు
ఆమె అరచెయ్యి తిప్పి చూసిన.