చల్లటి ఇంజను

పొద్దున్న ఆరు. లాసన్స్ బే కాలనీ.
గేటు తీశారో లేదో
అప్పలకొండ బానెట్ మీద అరచెయ్యి ఆనించాడు,
పసిబిడ్డ జ్వరం చూసినట్టు.
"ఎచ్చగున్నాది బావూ. మనకంటే ముందే దీన్నెవులు లేపీసినారు?"

బూడిదరంగు సెడాన్. ఎనిమిదేళ్ళది. మూడొందల గుర్రాల బలం.
నేనప్పటికే భీమిలి రోడ్డు మలుపుల్లో ఉన్నాను.
అమ్మే ఆయన ఓడల్లో ఇంజనీరుగా చేసి దిగినవాడు.
ఏమీ అనలేదు. లుంగీ సర్దుకున్నాడు.

మర్నాడు చెప్పకుండా వెళ్ళాం.
బానెట్ మీద రాత్రి కురిసిన ఉప్పుతేమ ఇంకా ఆరలేదు.
తాళం తిప్పితే
మూడంటే మూడు సెకన్లు
రేకు డబ్బాలో గులకరాళ్ళు.
ఆపైన ఏమీ ఎరగనట్టు నున్నటి గొంతు.
వెనక, పొగగొట్టం దగ్గర, కాస్త నీలం.

"చైను సాగిపోనాది. ఆయిలు తాగతంది.
ఇప్పితే మూడు లచ్చలు. సెకనుకి లచ్చ."

ఓడలాయన అప్పుడు నోరు విప్పాడు:
"మీకోసం కాదు బాబూ, రోజూ నేనే వేడిచేస్తాను.
ఆ చప్పుడు నేనొక్కణ్ణే వినాలని."

తిరుగుదారిలో అప్పలకొండ స్కూటరు వెనక కూర్చున్నాను.
అప్పూఘర్ దగ్గర ఎర్రలైటు.
భీమిలి మలుపులు ఇంకా
వెచ్చగానే ఉన్నాయి.